చాక్లెట్‌పై ఇచ్చిన తీర్పు: మొటిమలు, ఆహారం, ఒక పరీక్ష

పిల్లలు తొమ్మిదో తరగతికి వచ్చేసరికి వారి ముఖాల మీద మొటిమలు కనిపించడం మొదలవుతుంది. వాటితోపాటే సలహాలూ మొదలవుతాయి. "వేరుశనగలు తిన్నావు, వేడి చేసింది" అంటుంది అమ్మమ్మ. "ఈ యేడు మామిడిపళ్ల జోలికి పోకురా" అంటాడు మేనమామ. "సబ్బుతో నాలుగుసార్లు కడుక్కునే పిల్లకు మొటిమలెందుకు వస్తాయమ్మా?" అంటారు పొరుగింటివారు. ఈ మాటలన్నీ ప్రేమతో అన్నవే. కాని వీటిలో ఒక నేరారోపణ దాగి ఉన్నది. నోరు కట్టుకోకపోవడం వల్లనో, శుభ్రత లేకపోవడం వల్లనో ఆ పిల్లవాడు మొటిమలు తెచ్చుకున్నాడని వాటి అర్థం.

దీనికి పూర్తిగా ఎదురుగా మరొక మాట వినిపిస్తుంది. "తిండికీ మొటిమలకూ ఏ సంబంధమూ లేదు, శాస్త్రం ఎప్పుడో రుజువు చేసింది" అన్నది ఆ మాట. ఇరవయ్యో శతాబ్దపు చివరి దశాబ్దాలలో వైద్యగ్రంథాలు దీనినే వల్లించాయి. ఆ వల్లింపుకు ముఖ్యాధారం 1969లో అమెరికాలో ప్రకటితమైన ఒకే ఒక పరీక్ష. ఆ పరీక్ష ఏ ప్రశ్న అడిగింది, ఏ సమాధానం తెచ్చింది, ఆ సమాధానాన్ని లోకం ఎంత దూరం సాగదీసింది అన్నది పరిశీలించదగిన విషయం. ఉన్నత పాఠశాలలో ప్రయోగపద్ధతిని బోధించే ఉపాధ్యాయునికి ఇంతకంటె మంచి పాఠం దొరకడం అరుదు.

మొటిమ పుట్టే విధం

మన చర్మంపై ప్రతి రోమమూ ఒక చిన్న గొట్టం వంటి కూపంలో నుంచి మొలుస్తుంది. ఆ కూపాన్ని అంటిపెట్టుకొని ఒక తైలగ్రంథి ఉంటుంది. అది స్రవించే సీబం అనే నూనె చర్మాన్ని మెత్తగా ఉంచుతుంది. యౌవనారంభంలో ఆండ్రోజెన్ అనే హార్మోనులు హెచ్చుతాయి. ఇవి బాలురకే కాదు, బాలికలకూ ఉంటాయి. వాటి ప్రేరణ వల్ల తైలగ్రంథులు పెరిగి, సీబం ఎక్కువగా ఊరుతుంది. అదే సమయంలో కూపం లోపలి గోడల నుంచి రాలవలసిన మృతకణాలు సరిగా రాలక, ఒకదానికొకటి అంటుకొని ద్వారాన్ని మూసివేస్తాయి. బిరడా బిగించిన సీసాలో వలె నూనె లోపలే నిలిచిపోతుంది. ఆ నూనెలో క్యూటిబాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవి వృద్ధి చెందుతుంది. శరీరం దానిపై స్పందించగా వాపు, ఎరుపు, చీము ఏర్పడతాయి.

ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోవలసి ఉన్నది. మొదటిది, నల్లని మొన కనిపించే మొటిమలో ఆ నలుపు మురికి కాదు. కూపద్వారం తెరుచుకొని ఉన్నచోట మెలనిన్ అనే వర్ణద్రవ్యం వల్ల, గాలి తగిలి జరిగే రసాయనిక మార్పుల వల్ల ఆ రంగు వస్తుంది. కాబట్టి ఎంత తోమినా అది పోదు. రెండవది, కూపం మూసుకోవడం మొదలైన నాటికీ, మొటిమ కంటికి కనిపించే నాటికీ మధ్య కొన్ని వారాలు గడుస్తాయి. నేడు ముఖంపై కనిపించే మొటిమ నిన్నటి తిండి ఫలితం కానక్కరలేదు. ఈ రెండవ సంగతి ముందు ముందు పనికివస్తుంది.

1969 నాటి పరీక్ష

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ ఫుల్టన్, గెర్డ్ ప్లెవిగ్, ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అనే ముగ్గురు వైద్యులు ఈ పరీక్షను జరిపి, అమెరికన్ వైద్యసంఘపు పత్రికలో ప్రకటించారు. పరీక్షకు లోనైనవారు 65 మంది. వారిలో 30 మంది మొటిమల చికిత్స కోసం వచ్చిన కౌమార వయస్కులు. 35 మంది జైలులోని యువకులు. వీరికి రోజుకు ఒకటి చొప్పున నాలుగు వారాల పాటు ఒక ప్రత్యేకమైన చాక్లెట్ కడ్డీని తినిపించారు. కడ్డీ బరువు 112 గ్రాములు. మామూలు కడ్డీలో ఉండే దానికి దాదాపు పదిరెట్లు చాక్లెట్ సారం దానిలో చేర్చారు. మరొక నాలుగు వారాలు చూపుకు అటువంటిదే అయిన వేరొక కడ్డీని ఇచ్చారు. దానిలో చాక్లెట్ లేదు. రెండింటికీ మధ్య మూడు వారాల విరామం ఇచ్చారు. మొదటా చివరా మొటిమలను లెక్కించారు. సంఖ్య 30 శాతం పెరిగితే "హెచ్చినది" అనీ, అంతే తగ్గితే "తగ్గినది" అనీ, మధ్యలో ఉంటే "మార్పు లేదు" అనీ నిర్ణయించారు.

చాక్లెట్ తిన్న కాలంలో 46 మందికి మార్పు లేదు. 10 మందికి తగ్గాయి. 9 మందికి హెచ్చాయి. రెండో కడ్డీ తిన్నప్పటికీ దీనికీ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. కనుక చాక్లెట్ మొటిమలను పెంచదని తేల్చారు.

ముందుగా ఈ పరీక్షలోని మంచిని చెప్పడం న్యాయం. అంతకు పూర్వం వైద్యులు తమ అనుభవాన్ని బట్టి, అంతకంటె ఎక్కువగా అలవాటును బట్టి, రోగులకు చాక్లెట్‌నూ కొవ్వునూ నిషేధించేవారు. అలవాటును పరీక్షకు నిలపడమే ఒక మెట్టు పైకెక్కడం. పోలిక కోసం రెండో కడ్డీ పెట్టడం, ఒకే మనిషిని రెండు స్థితులలోనూ చూడడం, మాట మీద ఆధారపడక లెక్క పెట్టడం, ఇవన్నీ మెచ్చుకోదగినవే. "వేడి చేసింది" అనే మాటకు ఇటువంటి పరీక్ష ఎన్నడూ జరగలేదన్నది మరువరాదు.

పోలికలోని లోపం

పరీక్షలో అసలు చిక్కు ఆ రెండో కడ్డీలోనే ఉన్నది. చాక్లెట్‌లోని కోకో వెన్నకు బదులుగా దానిలో వృక్షసంబంధమైన కొవ్వు చేర్చారు. చక్కెర దానిలోనూ దండిగా ఉన్నది. అనగా పరీక్ష చాక్లెట్ తినడాన్ని తినకపోవడంతో పోల్చలేదు. చక్కెర, కొవ్వు, కోకో కలిసిన కడ్డీని చక్కెర, కొవ్వు మాత్రమే కలిసిన కడ్డీతో పోల్చింది. అటువంటి పోలిక ఒక్క కోకో గురించి మాత్రమే సాక్ష్యం చెప్పగలదు. చక్కెర గురించి గాని, కొవ్వు గురించి గాని అది నోరు విప్పలేదు.

ఒక ఉదాహరణ చూడండి. ఉప్పు మొక్కలకు హాని చేస్తుందా అని తెలుసుకోవడానికి ఒక కుండీలో ఉప్పునీరు, మరొక కుండీలో సముద్రపు నీరు పోశారనుకోండి. రెండు మొక్కలూ ఒకే విధంగా వాడిపోయాయి. "తేడా లేదు గనుక ఉప్పు వల్ల హాని లేదు" అని ఎనిమిదో తరగతి విద్యార్థి వ్రాస్తే ఉపాధ్యాయుడు సున్న వేస్తాడు. రెంటిలోనూ ఉన్న వస్తువును గురించి పోలిక ఏమీ చెప్పదు.

రెండవ లోపం కాలపరిమితి. కూపం మూసుకోవడానికీ మొటిమ కనిపించడానికీ మధ్య వారాలు పడుతుందని పైన చెప్పుకొన్నాము. నాలుగు వారాలలో ఫలితాన్ని తేల్చడమంటే, నాటిన విత్తనాన్ని మొలక రాకముందే తవ్వి "ఇది పుచ్చు" అనడం వంటిది. మూడవ లోపం కొలమానం. మొటిమల సంఖ్య 30 శాతం మారితేనే లెక్కకు వస్తుంది. 25 శాతం పెరిగినవాడు "మార్పు లేదు" అన్న గడిలోకే చేరతాడు.

ఈ పరీక్షకు అమెరికాలోని చాక్లెట్ తయారీదారుల సంఘం ధనసహాయం చేసింది. దీనిని ఎత్తిచూపి పరీక్షను కొట్టివేసేవారు కొందరున్నారు. అది సరైన విమర్శ కాదు. ధనం ఎవరిచ్చినా పద్ధతి సరిగా ఉంటే ఫలితం నిలుస్తుంది. ధర్మాత్ములు ధనమిచ్చినా పోలిక తప్పితే ఫలితం నిలవదు. ధనమిచ్చినవారి పేరు చూచిన పాఠకుడు పద్ధతిని మరింత జాగ్రత్తగా చదవాలి, అంతవరకే.

ఖైదీల విషయం వేరు. క్లిగ్‌మన్ ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైలులో 1951 నుంచి 1974 వరకు సాగిన ప్రయోగాలతో ముడిపడిన వ్యక్తి. స్వేచ్ఛ లేనివాని అంగీకారం నిజమైన అంగీకారం కాదన్న నీతి తరువాత స్థిరపడింది. 2021లో ఆ విశ్వవిద్యాలయపు వైద్యవిభాగం ఆ ప్రయోగాలకు క్షమాపణ చెప్పింది. చాక్లెట్ తినడం బాధాకరం కాకపోవచ్చును. అయినప్పటికీ 65 మందిలో 35 మంది ఖైదీలన్న మాటను ఆ పరీక్ష గురించి చెప్పేవారు దాటవేయరాదు. ఇదే క్లిగ్‌మన్ విటమిన్ ఏ ఆమ్లాన్ని మొటిమలకు మందుగా నిలబెట్టినవారిలో ముఖ్యుడు. దాని వల్ల అనేకులు బాగుపడ్డారు. ఒక మనిషి పనిలోని మేలూ కీడూ రెండూ చరిత్రలో నిలుస్తాయి. ఒకటి మరొకదానిని చెరిపివేయదు.

తీర్పు ఎల్లలు దాటిన తీరు

1971లో పి. సి. ఆండర్సన్ అనే వైద్యుడు 27 మంది విద్యార్థులకు చాక్లెట్, పాలు, వేరుశనగలు, కోలా పానీయాలలో వారికి పడదనుకొన్నదానిని ఒక వారం పాటు తినిపించి, మొటిమలు పెరగలేదని వ్రాశారు. అక్కడ పోలిక వర్గమే లేదు. ఈ రెండు రచనలూ కలిసి దశాబ్దాల పాటు గ్రంథాలలో ఒక వాక్యంగా నిలిచాయి. "అదనపు కోకో నాలుగు వారాలలో పెద్ద మార్పు తేలేదు" అన్న చిన్న ఫలితం "ఆహారానికి మొటిమలతో సంబంధం లేదు" అన్న పెద్ద సూత్రమయింది. ఈ తప్పులో పరిశోధకుల వాటా కంటె, మూలాన్ని చదవకుండా దాని సారాంశాన్ని చేతులు మార్చినవారి వాటాయే ఎక్కువ. ఒక సంగతి రుజువు కాకపోవడం వేరు. అది లేదని రుజువు కావడం వేరు.

ఆ కాలపువారికి న్యాయంగా మరొక మాట చెప్పాలి. ఏ ఆహారం రక్తంలోని గ్లూకోజును ఎంత వేగంగా పెంచుతుందో తెలిపే గ్లైసీమిక్ సూచి అనే భావన 1981లో గాని వెలువడలేదు. చక్కెర, మైదా వంటివి తిన్నప్పుడు గ్లూకోజు త్వరగా పెరుగుతుంది. దానిని అదుపుచేయడానికి ఇన్సులిన్ హెచ్చుతుంది. ఇన్సులిన్, దానితో బంధుత్వం గల ఐ.జి.ఎఫ్.-1 అనే పదార్థం, ఈ రెండూ ఆండ్రోజెన్లకు ఊతమిచ్చి తైలగ్రంథులను ప్రేరేపిస్తాయి. ఈ దారి తెలిసిన తరువాతనే ప్రశ్న కోకో నుంచి చక్కెర వైపు తిరిగింది.

అదే కొలబద్దతో కొత్త పరీక్షలు

పాత పరీక్షను తూచిన త్రాసులోనే కొత్తవాటినీ తూచాలి. 2002లో లోరెన్ కార్డేన్, ఆయన సహచరులు పాపువా న్యూగినీలోని కిటావా ద్వీపవాసులలో 1,200 మందినీ, పరాగ్వే దేశపు ఆచే తెగవారిలో 115 మందినీ పరిశీలించి, ఒక్క మొటిమ కూడా కనిపించలేదని వ్రాశారు. ఆశ్చర్యకరమైన సంగతే. కాని ఆ ప్రజల తిండి ఒక్కటే వేరు కాదు. వారి వంశపారంపర్యం, శ్రమ, ఎండ, జీవితం అన్నీ వేరు. ఇది ప్రశ్నను లేవనెత్తుతుంది గాని సమాధానం చెప్పదు.

2005లో 47,355 మంది అమెరికన్ నర్సుల నుంచి సేకరించిన వివరాలలో, పాలు ఎక్కువగా తాగినవారికి తీవ్రమైన మొటిమలు కొంత ఎక్కువగా వచ్చినట్లు కనిపించింది. వెన్న తీసిన పాలతో ఈ సంబంధం మరింత స్పష్టంగా ఉన్నది. అయితే వీరు తమ ఉన్నత పాఠశాల నాటి తిండిని పెద్దయిన తరువాత గుర్తు చేసుకొని వ్రాసినవారు. జ్ఞాపకం నమ్మదగిన కొలపాత్ర కాదు. పైగా రెండు సంగతులు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదు. మన మామిడిపండునే చూడండి. అది వచ్చేది మండువేసవిలో. అప్పుడే చెమట, ఉక్క, సెలవులలో మారిన తిండీ నిద్రా వేళలు అన్నీ కలిసి వస్తాయి. మొటిమ హెచ్చితే నింద మాత్రం పండు మీద పడుతుంది.

వీటికంటె దృఢమైనది 2007లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నుంచి రాబిన్ స్మిత్, నీల్ మాన్ తదితరులు ప్రకటించిన పరీక్ష. 15 నుంచి 25 సంవత్సరాల వయసు గల 43 మంది యువకులను రెండు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి గ్లూకోజును మెల్లగా పెంచే ఆహారం, రెండో వర్గానికి మామూలు పిండిపదార్థాల ఆహారం ఇచ్చి, 12 వారాలు గమనించారు. మొదటి వర్గంలో మొటిమలు సగటున 23.5 తగ్గాయి, రెండో వర్గంలో 12 తగ్గాయి. కాలపరిమితి చాలినంత ఉన్నది, పోలిక సరైనది. అయితే మొదటి వర్గంవారి బరువు కూడా సగటున 2.9 కిలోలు తగ్గింది. మొటిమలు తగ్గింది తిండి మారినందువల్లనా, బరువు తగ్గినందువల్లనా? ఈ పరీక్ష ఆ రెంటినీ విడదీయలేకపోయింది. మనుషుల సంఖ్యా తక్కువే.

ఈ పరీక్షలో పాఠకులు తప్పక గమనించవలసిన అంకె మరొకటి ఉన్నది. ఆహారం మార్చని వర్గంలోనూ 12 మొటిమలు తగ్గాయి! మొటిమలు వాటంతట అవే హెచ్చుతూ తగ్గుతూ ఉంటాయి. బాగా హెచ్చినప్పుడే మనిషి మందు వెతుకుతాడు. తరువాత కొంత తగ్గడం సహజం. రెండో వర్గమే లేకపోతే ఆ 23.5 అంతా ఆహారం ఖాతాలోనే పడేది. "పసుపు రాశాను, తగ్గిపోయింది", "గంధం పూశాను, పోయింది" అన్న సాక్ష్యాలన్నీ పోలిక వర్గం లేని సాక్ష్యాలే. చెప్పేవారు అబద్ధమాడడం లేదు. కాని రాయకపోతే ఏమయ్యేదో వారికి తెలియదు.

ఈ సాక్ష్యాలన్నిటినీ పరిశీలించిన అమెరికన్ చర్మవైద్య అకాడమీ, 2024లో వెలువరించిన మార్గదర్శకాలలో ఏ ప్రత్యేకాహారాన్నీ సిఫారసు చేయడానికి ఆధారాలు చాలవని చెప్పింది. ఇది 1969 నాటి తీర్పును మళ్లీ చెప్పడం కాదు. అప్పుడు "సంబంధం లేదు" అన్నారు; ఇప్పుడు "ఇంకా తేలలేదు" అంటున్నారు. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న దూరమే శాస్త్రదృష్టి.

అలవాట్ల మాట

ముఖం కడుక్కోవడం గురించి కూడా ఒక చిన్న పరీక్ష ఉన్నది. 2006లో ప్రకటితమైన దానిలో 27 మంది యువకులు ఆరు వారాల పాటు రోజుకు ఒకసారి, రెండుసార్లు, నాలుగుసార్లు చొప్పున ముఖం కడుక్కున్నారు. వర్గాల మధ్య చెప్పుకోదగిన తేడా రాలేదు. ఇదీ చిన్న పరీక్షే గనుక దీనిని కూడా సాగదీయరాదు. అయినా నాలుగుసార్లు తోమినవానికి ప్రత్యేకమైన బహుమానమేదీ దొరకలేదన్నది స్పష్టం. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఆటలాడి చెమట పట్టినప్పుడు మరొకసారి గాఢత లేని సబ్బుతో మెల్లగా కడుక్కుంటే చాలును. నిమ్మరసం, పళ్లపొడి ముద్ద వంటివి చర్మాన్ని మండించి వాపును పెంచుతాయి. తలకు దట్టంగా పట్టించిన నూనె నుదుటిపైకి జారితే అక్కడి కూపాలు మూసుకుంటాయి. మొటిమను గిల్లితే గుంట పడే ప్రమాదమున్నది. మన చామనఛాయ చర్మంలో వాపు తగ్గిన చోట నల్లమచ్చ నెలల తరబడి నిలుస్తుంది.

అన్నిటికంటె ప్రమాదకరమైనది స్నేహితులు చెప్పారనో, దుకాణదారు ఇచ్చాడనో రాసుకొనే స్టెరాయిడ్ లేపనం. 2011లో ప్రకటితమైన ఒక భారతీయ అధ్యయనంలో ముఖచర్మ వ్యాధులతో వచ్చిన 2,926 మందిలో 433 మంది ఇటువంటి లేపనాలు వాడుతున్నట్లు తేలింది. కొందరు రంగు తేలడానికి, కొందరు మొటిమలకే వాడారు. వాటివల్ల కలిగిన హానులలో మొదటిది మొటిమలు రావడం లేదా హెచ్చడమే. మొటిమలకు మందులు లేకపోలేదు. బెంజాయిల్ పెరాక్సైడ్, విటమిన్ ఏ జాతి లేపనాలు గట్టి పరీక్షలకు నిలిచినవి. అవి కూడా ఫలితం చూపడానికి రెండు మూడు నెలలు పడుతుంది. గట్టి గడ్డలు, గుంటలు పడుతున్నప్పుడు ఆలస్యం చేయక చర్మవైద్యుని చూడడం అవసరం. పడిన గుంటను పూడ్చడం కంటె పడకుండా చూడడం తేలిక.

ఇక ఆహారం సంగతి. తీపి పానీయాలు, మిఠాయిలు, మైదా వంటకాలు తగ్గించి, పప్పు, కూరగాయలు, ముడి ధాన్యాలు పెంచితే మొటిమలు తగ్గవచ్చును, తగ్గకపోవచ్చును. దేహానికి ఎట్లాగూ మేలే గనుక ప్రయత్నించడంలో నష్టం లేదు. ప్రయత్నించేవారు కనీసం మూడు నెలలు చూడాలి. ఎదిగే పిల్లలకు పాలను, పప్పును, పండ్లను కేవలం అనుమానం మీద మాన్పించడం మాత్రం నష్టమే.

పరీక్షను ఎట్లా చదవాలో విద్యార్థికి నేర్పాలంటే మూడు ప్రశ్నలు చాలును: దేనిని దేనితో పోల్చారు? ఎంతకాలం చూచారు? తేలినదెంత, చెప్పినదెంత? ఈ ప్రశ్నలు చాక్లెట్‌కూ వర్తిస్తాయి, పసుపుకూ వర్తిస్తాయి, అంగడిలో అమ్మే ప్రతి లేపనానికీ వర్తిస్తాయి. ఇవి తెలిసిన ఉపాధ్యాయుడు తరగతిలో ముఖం దాచుకొని చివరి బల్ల మీద కూర్చున్న పిల్లకు ఒక మాట నిశ్చయంగా చెప్పగలడు. మొటిమలు ఆమె చేసిన తప్పుకు శిక్ష కావు. అవి వయసుతో వచ్చేవి. చాలామందికి వయసుతోనే తగ్గేవి. తగ్గనప్పుడు చికిత్స ఉన్నవి. ఈ మాట చెప్పడానికి మరో పరీక్ష ఫలితం కోసం ఎదురుచూడనక్కరలేదు.